ఇసక పెరట్లో ఆనపపాదు

మొన్న బుధవారం మా ఇంట్లో ఏం జరిగిందో వినండి. ఒక్క ఆనపకాయ కోయడానికి పావుగంట పట్టింది! కోస్తున్నది ఎవరో అనుకునేరు, విజయనగరంలో కూరగాయల కమీషన్ కొట్టు నడిపే మా బావ. పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నది నేను. చివరికి కాయ తెగలేదు, పందిరి కూలింది. ఈ మోచేతి మీద దెబ్బ దానిదే. బొగ్గు బస్సు దిగుతూ పడ్డానని ఇందాక చెప్పింది ఉత్తుత్తిదే. ముందు టీ తాగండి, చల్లారిపోతుంది. మొదట్నించీ చెప్తాను. నేను చెప్తే పద్ధతిగా ఉంటుంది. మా బావ చెప్తే ఇంకో నాలుగు కాయలు కలుపుతాడు.

మా ఊరు మీకు తెలుసు కదా. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు ఒక క్రోసు. ఊరంతా చేపల వేటకెళ్ళే వాళ్ళే. మధ్యలో మాదొక్కటే కొట్టు. బియ్యం, పప్పు, చింతపండు, వలలకి నూలు, దొరికినప్పుడు కిరసనాయిలు. కాయలూ ఆకులూ తిని బతికే కొంప కూడా ఆ ఊళ్ళో మాదొక్కటే. మిగతా వాళ్ళకి కూర సముద్రంలోంచి వస్తుంది. మాకు మీ శ్రీకాకుళం నుంచి బండి మీద రావాలి. ఈ ఎండల్లో ఆ బండి ఇల్లు చేరేసరికి తోటకూర చేత్తో నలిపితే పొడి అయిపోతుంది. బీరకాయ సంగతి అడగొద్దు.

పోనీ పెరట్లో వేసుకుందామా అంటే, మా పెరడు పెరడు కాదు. ఇసక. ఎడారి ఎక్కడో అరబ్బు దేశంలో ఉంటుందని బళ్ళో చదువుకున్నాం కదా? మా వంటింటి తలుపు తీస్తే ఉంది. వైశాఖంలో మధ్యాహ్నం పూట దొడ్లోకి వెళ్ళాలంటే ఆగి ఆలోచించి పరుగెత్తాలి. మా అమ్మ వడియాలు అటు పెడితే మరి ఎండబెట్టక్కర్లేదు, వేగిపోయే వస్తాయి అంటుంది.

అలాంటి చోట నేను కూరల తోట వేశాను! నవ్వకండి. వేశాను, పండించాను కూడా. దాని వెనక ఒక కథ ఉంది.

మాఘంలో మాకు అమ్మాయి పుట్టింది. ముగ్గురు మగపిల్లల తరవాత ఆడపిల్ల. నాకెంత సంతోషమంటే, కొట్లో తూకం వేస్తూ వేస్తూ చెయ్యి ఆగిపోయేది. బారసాలకి మా అక్కా బావా విజయనగరం నుంచి వచ్చారు. బావ రెండు గంపల కూరలు తెచ్చాడు. భోజనాలయ్యాక పదిమందిలో అన్నాడు: "అయిదో నెలలో అన్నప్రాసన కదా బావా! కూరల సంగతి నువ్వు మర్చిపో. బండి నిండా నేను పంపిస్తాను. నీ ఇసకలో ఏటి మొలుస్తాది? గవ్వలు తప్ప!"

అందరూ నవ్వారు. మా అక్క కూడా నవ్వింది. అదే నాకు మండింది.

"మీ కూరలు మీ కొట్లోనే ఉంచుకోండి బావా," అన్నాను. "మా పిల్ల అన్నప్రాసనకి విస్తట్లో పడే ప్రతి కూరా నా పెరట్లో పండిందే. ఒక్క పచ్చిమిరపకాయ బయటిది కనిపిస్తే అప్పుడడగండి."

"ఒక్క మిరపకాయ కూడానా?"

"ఒక్కటి కూడా!"

మా ఇంటావిడ గుమ్మంలోంచి నాకు కళ్ళతో సైగ చేస్తోంది, ఆపండి, ఆపండి అని. నేను చూడలేదన్నట్టు ఊరుకున్నాను. చూశాను. అరవై మంది భోజనాలకి వస్తారు. అరవై విస్తళ్ళు, నా పిల్ల మొదటి పండగ, బావ ముందు నా మాట. ఇక మీరే చెప్పండి, వెనక్కి ఎలా వస్తాను?

నేను పని మొదలుపెడితే ఆగను. శ్రీకూర్మం నుంచి బళ్ళ మీద పశువుల పెంట తోలించాను. చెరువు మట్టి తోలించాను. ఇసకలో గోతులు తవ్వి అడుగున ఎండుటాకులు, పైన పెంట, ఆ పైన మట్టి, బూడిద, వేపపిండి. ఇదంతా నాకెవరూ చెప్పలేదు, నా బుర్రే. యుద్ధం రోజులు కదా, ఎక్కువ పండించండి అంటూ వ్యవసాయం డిమాన్‌స్ట్రేటరు ఒకాయన సైకిలు మీద వచ్చాడు. ఒక సంచీ సీమ ఎరువు వేసి చూడమన్నాడు. "పిల్ల అన్నప్రాసనకి వండే కూరండీ, మందులేసి పెంచుతామా?" అన్నాను. ఆయన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

ఇక నూకాలు సంగతి చెప్పాలి. మా పక్కిల్లు. మొగుడు వేటకెళ్తే ఈమె చేపలు అమ్ముతుంది, మిగతా పొద్దు మా ఇంటికి నీళ్ళు మోస్తుంది. మాట కరుకు, మనసు మంచిది. గోతులు చూసి అంది: "సావుకారు బాబూ, ఈ పెంటెందుకు? నాను గంపెడు సేప తలకాయలు తెస్తాను. అడుగునేసి కప్పెట్టండి. తీగ పందిరి దాటి పోతాది."

మా అమ్మ లోపల్నించి వినేసింది. "చేప తిన్న వంకాయ మనం తింటే, మనం తిన్నట్టు కాదూ?"

"సంద్రం మీద గాలి కూడా ఇటే వస్తాది కదమ్మా," అంది నూకాలు. "మరి ఊపిరి మానేస్తారా?"

ఆ వాదన రెండు రోజులు నడిచింది. మా అమ్మే నెగ్గింది. చేప తలకాయలు లేకుండానే పాదులు పెట్టాం. ఆనప, బీర, గుమ్మడి. వంగ నారు, బెండ గింజలు, మిరప. పడమటి ఎండ తగలకుండా తాటాకు దడులు కట్టించాను. మధ్యాహ్నం మొక్క మొక్కకీ ఒక తాటాకు గొడుగు. దూరం నుంచి చూస్తే చిన్న చిన్న గుడిసెల ఊరులా ఉండేది. అందులో ఎవరుంటారని వేటకెళ్ళే వాళ్ళు అడిగేవారు.

నీళ్ళ విషయం కాస్త శ్రద్ధగా వినండి, కథంతా అందులోనే ఉంది. మా ఇసకలో బావులు తవ్వరు. దొరువులు తవ్వుతారు. దొరువంటే వెడల్పుగా, పళ్ళెం ఆకారంలో, నడుం లోతు గొయ్యి. అంతే! ఇసకలో ఇంకిన వాన నీరు అందులో ఊరుతుంది. కడవ మెల్లగా ముంచి తోడుకోవాలి. తియ్యటి నీళ్ళు. మా పెరట్లో ఒకటుంది. నూకాలు పొద్దున్నా సాయంత్రమూ కావిడితో మోసి పాదులకి పోసేది. ఇంట్లో తాగడానికి వేరే దొరువు, ఊరి నడుమ ఉంది.

చైత్రం వచ్చేసరికి, ఒట్టు, నా తోట చూడాల్సిందే! ఆనప తీగ పందిరెక్కింది. వంకాయలు నిగనిగలాడుతున్నాయి. మొదటి బెండకాయ కోసి కొట్లో కాటా పక్కన పెట్టాను. కొనడానికి వచ్చిన వాళ్ళందరికీ చూపించాను. బావకి పోస్టుకార్డు రాశాను: "గవ్వలు బాగా కాశాయి. ఒకటి ఆకుపచ్చగా, ఒకటి ఊదాగా." నాలుగు రోజులు దాని గురించే నవ్వుకున్నాను.

వైశాఖంలో ఎండ ముదిరింది. దొరువులో నీళ్ళు సగానికి దిగాయి. పొద్దున్న తోడితే సాయంత్రానికి ఊరేవి కావు. నాకు తోచింది సరళమైన లెక్క. నడుం లోతులో ఇన్ని నీళ్ళుంటే, రెండు నిలువుల లోతులో ఎన్నుండాలి? నూకాలుతో అన్నాను, దీన్ని లోతు చేయించి నూతి ఒరలు దింపిస్తున్నానని.

ఆమె కావిడి దించేసింది. "వద్దు బాబూ. నడుం లోతు దాటి తవ్వకండి. పైన ఉన్నాది వాన నీరు. కింద ఉన్నాది సంద్రం. ఆటి రెండిటి మజ్జనికీ మన గునపం ఎల్లకూడదు."

"సముద్రం అరక్రోసు దూరంలో ఉందే!"

"మనకి కనిపించే సంద్రం అరకోసు. కిందున్నది మన కాళ్ళ కిందే ఉన్నాది."

నేను నవ్వాను. పడవ మీద బతికే వాళ్ళకి అన్నీ సముద్రంలాగే కనిపిస్తాయి అనుకున్నాను. ఆ మర్నాడే నూకాలు కూతురి పురుటికని వెళ్ళింది. పదిహేను రోజులు రాదు. ఇదే మంచి సమయం అనిపించింది. ఇద్దరు మనుషుల్ని పిలిపించాను. కుమ్మరి దగ్గర కాల్చిన ఒరలు తెప్పించాను. మూడు రోజులు తవ్వారు. మూడోరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి అడుగు నుంచి నీరు బుగ్గలా పొంగింది! తవ్వేవాళ్ళు మొలలోతు తడిసిపోయి కేకలు పెట్టుకుంటూ పైకొచ్చారు.

ఎంత నీరు! నేను గట్టు మీద నిలబడి చూస్తుంటే కళ్ళు తడిశాయి. నిజం చెప్తున్నాను, ఎవరెన్ని అన్నా ఆ పూట నేను గెలిచాననే అనుకున్నాను.

పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చి గంగమ్మకి పూజ చేశాం. కొత్త నీరు పడితే ఇంటి యజమాని మొదటి దోసిలి తీర్థంగా పుచ్చుకోవాలి, అది ఆచారం. నేను దోసిలి పట్టాను కూడా. మా అమ్మ వెనక నుంచి ఒక్క అరుపు.

"ఒరే! ఇవాళ ఏకాదశి!"

మా ఇంట్లో ఏకాదశంటే చుక్క మంచినీళ్ళు కూడా ముట్టం. మా తాతల నాటి నియమం. దోసిట్లో నీళ్ళు అలాగే వదిలేశాను. "రేపు ద్వాదశికి పుచ్చుకుంటాను" అన్నాను. మర్నాడు పారణ హడావుడి, వెంటనే బియ్యం పర్మిట్ల కోసం నేను ఈ ఊరు రావడం. ఆ తీర్థం సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. తోటకి పోసే నీళ్ళు రుచి చూడాలని ఎవరికి తోస్తుంది, మీరే చెప్పండి! మరి ఆ తవ్విన వాళ్ళ నోట్లోకి పోలేదా అంటారా? పోయిందట. ఉప్పగా తగిలితే చెమట అనుకున్నారట.

ఇక పొయ్యడం మొదలుపెట్టాం. ఇదివరకు పాదుకి రెండు కడవలైతే ఇప్పుడు ఆరు. నేనే పంచె ఎగ్గట్టి తోడాను. నాలుగో రోజు ఆనప ఆకుల అంచులు మాడాయి. "ఎండ!" అన్నాను. ఎనిమిది కడవలు పోశాను. వంగ మొక్కలు తలలు వాల్చాయి. "ఎండే!" పది కడవలు. బెండ ఆకులు రాలాయి. మా ఇంటావిడ మెల్లగా అంది, "ఏవండీ, నీళ్ళెక్కువయ్యాయేమో ఆపి చూస్తే?" నేను ఊరుకుంటానా? "దాహంతో ఉన్నవాడి దగ్గర్నుంచి చెంబు లాక్కుంటామా?" అన్నాను. మాట బాగానే ఉంది కదా? అప్పుడు నాకు ఇంకా బాగా అనిపించింది.

వారం తిరిగేసరికి పాదుల చుట్టూ ఇసక మీద తెల్లగా ఏదో పూత. పొద్దున్నే ఎండలో మెరుస్తోంది. "చూశావా, భూమిలో సారమంతా పైకొచ్చేస్తోంది" అని మా అమ్మకి చూపించాను. ఆవిడ దణ్ణం కూడా పెట్టుకుంది పాపం.

అన్నప్రాసన ఇంక మూడు రోజులుందనగా నూకాలు వచ్చింది. సరాసరి పెరట్లోకి నడిచింది. తాటాకు గొడుగులు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. కొత్త నుయ్యి దగ్గరికెళ్ళి, వేలు ముంచి, నాలిక్కి రాసుకుని, తుపుక్కున ఊసింది.

"ఏటి బాబూ ఇది? ఈ నీరు తోటకి పోసినారా, సేపలు ఊరబెట్టడానికి తవ్వినారా?"

నేను కూడా వేలు పెట్టి చూశాను. బాబోయ్! మా కొట్లో ఉప్పు బస్తా గుర్తొచ్చింది. పన్నెండు రోజులు నా చేతులారా, కడవల కొద్దీ, నా తోటని నేనే ఊరగాయ పెట్టేశాను.

మనసు ఎంత పాడైందంటే అలాగే ఇసకలో కూర్చుండిపోయాను. కూర్చుంటే కాలింది, లేచాను. ఆ సాయంత్రమే బావ దగ్గర్నుంచి కార్డు: "బుధవారం మధ్యాహ్నానికి వస్తున్నాం. గంపలు నేనే తెస్తున్నాను. కూరలన్నీ నా చేత్తోనే కోస్తాను. నా కళ్ళతో చూడాలి."

మా ఇంటావిడ చదివి కార్డు నా చేతిలో పెట్టింది. "జరిగింది చెప్పేయండి. సొంత బావగారేగా, ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారా? ఇరవయ్యేళ్ళు చెప్పుకుంటారు!" అన్నాను. "నువ్వు కంగారు పడకు. నా దగ్గర ప్లానుంది."

నిజానికి అప్పటికి లేదు. అన్నాక వచ్చింది. నా ప్లాన్లన్నీ అలాగే వస్తాయి.

బుధవారం తెల్లవారకుండానే బండి కట్టించి ఇక్కడికి వచ్చాను. మీ ఎవరికీ కనబడకుండా, తలకి తువ్వాలు చుట్టుకుని. మార్కెట్లో ఆనపకాయలు, బీరకాయలు, వంకాయలు, బెండకాయలు, ఒక పెద్ద గుమ్మడికాయ, పచ్చిమిరపకాయలు, అరవై విస్తళ్ళకి సరిపడా కొన్నాను. చుట్టూ గడ్డి కప్పి, దార్లో అడిగిన వాళ్ళకి పశువులకి చిట్టు అని చెప్పి ఇంటికి చేర్చాను. ఎక్కువ భాగం వంటింట్లోకి పోయింది. ముందే కోసి పెట్టామంటే సరిపోతుంది. కాని బావ తన చేత్తో కొయ్యడానికి కొన్నయినా తీగలకి ఉండాలి కదా!

నూకాల్ని పిలిచాను. కాయల్ని తీగలకి కట్టాలి అన్నాను. ఆమె నన్ను కిందా పైనా చూసింది. "బాబూ, ఇంతకన్నా నిజం సెప్పడం సుళువు కాదా?"

"నువ్వు కట్టు నూకాలూ. గట్టిగా కట్టు. ఆయన వచ్చేలోపు ఒక్కటి జారిపడినా నా పని అయిపోయినట్టే!"

"గట్టిగానా?" అంది. "సరే."

అరటినార కావాలా అంటే వద్దంది. ఇంట్లోంచి వల దారం తెచ్చింది. చకచకా కట్టేసింది. ఆనపలు పందిరి గుంజలకే చుట్టి, దారం కనబడకుండా ఎండుటాకులు కప్పింది. పని చాలా శుభ్రంగా ఉంది. ఒక ఆనపకాయ తిప్పి అడిగింది: "ఈ అడుగున ఎర్ర బొట్టేటి బాబూ? అన్నిటికీ ఉన్నాది." చూశాను. జేగురుతో గుండ్రంగా ఒక సున్న, మధ్యలో చుక్క. "దిష్టి బొట్టు పెట్టుంటారు," అన్నాను. "మంచిదే, ఉండనీ."

మధ్యాహ్నం దాటాక బావా అక్కా దిగారు. బావ కాళ్ళయినా కడుక్కోలేదు. గంప పట్టుకుని పెరట్లోకి! వెనకే మా అక్క, మా అమ్మ, పిల్లని ఎత్తుకుని మా ఇంటావిడ, ఇరుగూ పొరుగూ. నేను ముందు నడుస్తూ చెయ్యి చాపి చూపించాను.

"ఆకులు ఎండిపోయాయేటి బావా?"

"కాపు అయిపోవచ్చింది బావా. బలమంతా కాయలోకి దిగిపోతే ఆకు అంతే!"

ఆయన తల ఊపాడు. నాకు ధైర్యం వచ్చింది. ఇంకో నాలుగడుగులు వేశాడు. ఆగాడు.

"ఇది బీర తీగ కదా?"

"అవును."

"ఆనపకాయ కాసిందేటి?"

ఎండిన తీగలు ఏది ఏదో నూకాలుకి తెలియలేదు. నేనూ చూసుకోలేదు. కాని నేను తడబడే మనిషిని కాదు కదా! "అంటు కట్టాను," అన్నాను. "కొత్త పద్ధతి. డిమాన్‌స్ట్రేటరుగారు కూడా ఆశ్చర్యపోయారు."

బావ తీగ దగ్గరికి నడిచాడు. ఆ ఆనపకాయనే పట్టుకుని తిప్పాడు. తెగలేదు. లాగాడు. తెగలేదు. గంప కింద పెట్టి రెండు చేతులతో పట్టుకున్నాడు. "కాయలో బలం దిగిందన్నావు, తొడిమలోకి కూడా దిగినట్టుందే!" అని కాలు గుంజకి తన్నిపెట్టి లాగుతున్నాడు. నేను కూడా ఒక చెయ్యి వేశాను. మనిషి వేస్తాడు కదా! పందిరంతా ఊగుతోంది. "లాగకండి బాబులూ," అంది నూకాలు వెనక నుంచి. "అది వల ముడి. సొర సేప గింజుకున్నా రాదు."

ఆమె ఆ మాట పూర్తిచేసేలోపు గుంజ వచ్చేసింది. పందిరి, తాటాకులు, ఎండు తీగలు, పది ఆనపకాయలు, అన్నీ కలిసి మా ఇద్దరి మీద! మోచెయ్యి గీరుకుంది అప్పుడే. తాటాకుల కింద నుంచి తల బయట పెట్టేసరికి బావ నా ఎదురుగా ఇసకలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఆనపకాయ. దానికి వల దారం, ఆ దారానికి గుంజ. ఆయన దారం చూడడం లేదు. కాయ అడుగు చూస్తున్నాడు. పక్కనున్న ఇంకో కాయ తిప్పాడు. ఇంకోటి.

"బావా," అన్నాడు చాలా నెమ్మదిగా. "ఈ జేగురు సున్న మా కొట్టు గుర్తు. సోమవారం రైల్లో శ్రీకాకుళానికి తోలించిన సరుకు ఇది. ఈ బొట్లు పెట్టించింది నేను."

అంతే! మా అక్క నవ్వడం మొదలుపెట్టింది. ఇసకలో కూలబడి నవ్వింది. బావ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఊరికే పంపిస్తానంటే వద్దన్న కూరలు, తలకి తువ్వాలు చుట్టుకుని నేనే వెళ్ళి మోసుకొచ్చానని ఆయన చెప్తుంటే మా అమ్మ కూడా నవ్వింది. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోను, వచ్చింది. నాలుగు నెలలు ఆ ఇసకలో పడ్డ పాటు గుర్తొచ్చింది. నుయ్యి సంగతి, ఏకాదశి సంగతి, అన్నీ చెప్పేశాను.

బావ నవ్వడం ఆపేశాడు. లేచి నా భుజం మీద తాటాకు ముక్కలు దులిపాడు. "చైత్రంలో నువ్వు కార్డు రాసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు బావా," అన్నాడు. "ఇసకలో వీడు నిజంగానే పండించేస్తున్నాడే అని. పండించావు కూడా. నీళ్ళొక్కటే..." అంత మంచి మనిషి మీద పంతం పట్టానే అనిపించింది. ఒక్క పూటే అనిపించిందనుకోండి.

మర్నాడు అన్నప్రాసన దివ్యంగా జరిగింది. ఆనపకాయ పులుసు, గుత్తివంకాయ, గుమ్మడికాయ దప్పళం. బంతిలో ఎవరో "కూరలు ఎక్కడివి?" అని అడిగారు. బావ వడ్డన గరిటె ఎత్తి అన్నాడు: "ఈ ఆనపకాయలు మా బావ తీగకి వేలాడినవే! నేనే లాగాను. ఒక్కటి లాగేసరికి ప్రాణం పోయింది!" అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆ తరవాత పిల్ల ముందు పళ్ళెం పెట్టారు. మీకు తెలిసిందే కదా, పుస్తకం, కలం, బంగారు గొలుసు, పిడికెడు మన్ను, ఏది పట్టుకుంటే ఆ దారిలో వెళ్తుందని. మన్ను కోసం మా అమ్మ దొడ్లోకి వెళ్ళి పాదుల దగ్గర చేతికందిన ఇసక తెచ్చి పోసింది. మా అక్క పిల్లని పట్టుకుని పళ్ళెం మీదికి వంచింది. అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అది పుస్తకం చూడలేదు, బంగారం చూడలేదు. నేరుగా ఇసకలో గుప్పెట పెట్టింది!

"రైతు! రైతు!" అని నేను ఎగిరి గంతేశాను. నా రక్తం కదా! బావ వైపు చూసి మీసం కూడా సవరించుకున్నాను.

ఈలోపు అది గుప్పెట నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం ఆగింది. మొహం అంతా ముడుచుకుని, నాలుక బయటికి చాపి, తుపుక్కున నా మీదే ఊసింది.

అయిదు నెలల పిల్లండీ. పళ్ళు కూడా రాలేదు. పన్నెండు రోజుల్లో నాకు తెలియని సంగతి, దానికి ఒక్క గుప్పెట్లో తెలిసిపోయింది.